లాప్‌టాప్‌లో విండోస్ పోకుండా పక్కనే ఉబుంటు వేసుకోవడం ఎలా

“అన్నా, ఉబుంటు వేస్తే విండోస్ పోతాదా?” కాలేజీలు తెరిచే రోజుల్లో తిరుపతిలో, బాలాజీ కాలనీ రూముల్లో అయినా యూనివర్సిటీ హాస్టళ్లలో అయినా, కొత్తగా బీటెక్‌లోనో ఎంసీఏలోనో చేరిన పిల్లలు ముందుగా అడిగేది ఇదే. పోదు. తొందరపడితే మాత్రం పోతుంది, దాంతోపాటు అక్క పెళ్లి వీడియోలు, ఇంటర్ ఫొటోలు, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు కూడా పోతాయి. ఉబుంటు అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం, లినక్స్ కుటుంబానిది. అది ఎక్కడానికి పట్టేది మామూలు లాప్‌టాప్‌లో అరగంట లోపే. అసలు పనంతా దానికి ముందు విండోస్‌లో ఉంటుంది, కాబట్టి ఇక్కడ కూడా ఎక్కువ భాగం దాని గురించే, కొంచెం ఓపిక పట్టండి.

ఇంకో సంగతి, అందరికీ డ్యూయల్ బూట్, అంటే ఒకే లాప్‌టాప్‌లో రెండు సిస్టంలు, అక్కర్లేదు. ల్యాబ్ కోసం నాలుగు లినక్స్ కమాండ్లు నేర్చుకోవాలి, సీ ప్రోగ్రాం కంపైల్ చేయాలి, అంతేనా? విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది, అది ఆన్ చేసుకోండి, డిస్క్ జోలికే పోనక్కర్లేదు. లాప్‌టాప్ పాతబడి విండోస్ ఈడుస్తున్నవాళ్లకు, రోజంతా లినక్స్‌లోనే పని ఉన్నవాళ్లకు, అలాగని ట్యాలీ, ఆటోక్యాడ్, ఫొటోషాప్ లాంటివి వదులుకోలేనివాళ్లకు డ్యూయల్ బూటే సరైన దారి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేకపోతే ఎక్కనంటుంది, అందుకని పాత లాప్‌టాప్ పారేయడం ఇష్టంలేని వాళ్లు కూడా ఇటు వస్తున్నారు. వాళ్లకు నా సలహా, బ్యాంకు పనులు, ఇంటర్నెట్ ఉబుంటులో పెట్టుకుని, పాత విండోస్‌ను ఆ ఒకటి రెండు సాఫ్ట్‌వేర్ల కోసం మాత్రమే తెరవండి.

ఇక్కడ చెప్పేది ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) గురించి. 2024 ఏప్రిల్‌లో వచ్చింది, మామూలు అప్‌డేట్లు 2029 వరకు వస్తాయి. ర్యామ్ కనీసం 4 జీబీ అంటారు గానీ క్రోమ్‌లో పది ట్యాబులు తెరిచే అలవాటుంటే 8 ఉంటేనే సుఖం. లినక్స్ మింట్ 22 కూడా దీని మీదే కట్టింది, పాత లాప్‌టాప్‌కి అది ఇంకా తేలిక, స్క్రీన్లు వేరుగా కనిపిస్తాయి తప్ప పద్ధతి ఇదే.

విండోస్‌లో ముందు చేయాల్సినవి

మొదట బ్యాకప్. డీ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం బ్యాకప్ కాదు, చాలా లాప్‌టాప్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్ మీద ఉంటాయి, పోతే రెండూ కలిసే పోతాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ లేకపోతే రూమ్మేట్‌ది ఒక పూటకు అడగండి, అదీ కుదరకపోతే ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి.

తర్వాత బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే, ఎందుకంటే అది తమ లాప్‌టాప్‌లో ఉందనే వాళ్లకు తెలియదు. ఇప్పుడు వచ్చే విండోస్ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన వెంటనే, మనల్ని పెద్దగా అడగకుండానే డిస్క్ మొత్తం లాక్ అయిపోతుంది, సెట్టింగ్స్‌లో దాని పేరు ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’. రోజూ వాడుకున్నంతకాలం తేడా తెలియదు. బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లో) ఏదో మార్చి మళ్లీ ఆన్ చేస్తే అప్పుడు నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, ఆరేసి అంకెల ఎనిమిది ముక్కలు. ఆ కీ లేకపోతే లోపలున్న ఫైళ్లు తీయడం షాపువాడి తరం కాదు, ఎవరి తరమూ కాదు.

కాబట్టి ముందే ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లండి, డివైసెస్ కింద మీ లాప్‌టాప్ పేరు, దాని రికవరీ కీ కనిపిస్తాయి. ఒకటి కంటే ఎక్కువ కీలు ఉంటే ఏది దేనిదో కీ ఐడీ చూసి పోల్చుకోవాలి. నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫొటో తీసి ఇంట్లో ఎవరికైనా వాట్సాప్ చేయండి, అదే లాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద మాత్రం సేవ్ చేసి ఊరుకోవద్దు. చాలామందికి లాప్‌టాప్ కొన్న రోజు షాపులోనే ఎవరో ఒక మెయిల్ ఐడీ సృష్టించి ఇచ్చి ఉంటారు, దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, కీ మొత్తం అందులోనే ఉంటుంది. అది ఈరోజే తేల్చుకోండి. కీ చేతికొచ్చాక సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డిస్క్ సైజును బట్టి, నిండిన దాన్ని బట్టి టైమ్ పడుతుంది, పూర్తయ్యే వరకు చార్జర్ తీయకండి. ఆన్‌లో ఉంచి కూడా చేసే మార్గాలున్నాయి గానీ మొదటిసారి చేసేవాళ్లకు ఆ టెన్షన్ వద్దు.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ షట్‌డౌన్ చేశామనుకుంటాం గానీ అది నిజంగా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి డ్రైవ్‌ను తన పట్టులోనే ఉంచుకుంటుంది. ఉబుంటు నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుందే తప్ప రాయనివ్వదు, కొన్నిసార్లు అసలు తెరవదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఎడమ పక్క ‘చూజ్ వాట్ ది పవర్ బటన్స్ డూ’, పైన చిన్న అక్షరాల్లో ఉండే ‘చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్’ నొక్కితేనే కింద టిక్ తీయడానికి వీలవుతుంది.

నాలుగోది, మీ లాప్‌టాప్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అవుతుందో పాత లెగసీ పద్ధతిలోనో చూసుకోవడం. స్టార్ట్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ అని వెతికి తెరిస్తే బయాస్ మోడ్ అన్న వరుసలో ఉంటుంది. గత పదేళ్లలో కొన్నవి దాదాపు అన్నీ యూఈఎఫ్‌ఐ. లెగసీ అని ఉంటే ఉబుంటు కూడా లెగసీలోనే వేయాలి, ఒకటి ఇలా ఒకటి అలా వేస్తే రెండూ ఒకే మెనూలో కనబడవు.

చోటు ఖాళీ చేయడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద పొడవాటి పట్టీల్లా డిస్క్ కనిపిస్తుంది. ఎడమ చివర 100 ఎంబీదో 260 ఎంబీదో చిన్న ముక్క, అది ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్. మధ్యలో పెద్దది సీ డ్రైవ్. కుడి చివర మళ్లీ చిన్న ముక్క, రికవరీ పార్టిషన్. ఈ రెండు చిన్న ముక్కల్ని ‘ఊరికే ఉన్నాయి కదా’ అని ఎవరూ డిలీట్ చేయొద్దు. ఈఎఫ్‌ఐ ముక్క రెండు వాటాల ఇంటికి ఉండే వీధి తలుపు లాంటిది, విండోస్, ఉబుంటు రెండూ దాంట్లోంచే లోపలికి రావాలి.

సీ మీద రైట్ క్లిక్, ‘ష్రింక్ వాల్యూమ్’. ఎంత తగ్గించాలో ఎంబీల్లో అడుగుతుంది, 100 జీబీ కావాలంటే 102400, 50 జీబీ అయితే 51200. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే ఉబుంటుకు వంద ఇవ్వండి, 256 ఉంటే యాభైతో సరిపెట్టుకోండి. పాతిక జీబీ చాలని రాసి ఉంటుంది, ఎక్కుతుంది కూడా, రెండు మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లు వేసేసరికి నిండిపోతుంది. డిస్క్‌లో సగం ఖాళీగా ఉన్నా ‘పది జీబీ మించి తగ్గించలేను’ అని మొండికేస్తుంది ఒక్కోసారి, జరపడానికి వీల్లేని ఫైళ్లేవో చివర్లో కూర్చుని ఉంటాయి. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి హైబర్నేషన్ ఆఫ్ చేసి, పేజ్‌ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ కూడా తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి, చాలాసార్లు దారికొస్తుంది. పని అయ్యాక పేజ్‌ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ రెండూ మళ్లీ ఆన్ చేసుకోండి.

ష్రింక్ అయ్యాక సీ పక్కన నల్ల పట్టీతో ‘అన్‌అలొకేటెడ్’ అని వస్తుంది. అంతే, దాన్ని అలాగే వదిలేయండి. చేతులు ఊరుకోక రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ అని ఈ డ్రైవో ఎఫ్ డ్రైవో సృష్టించొద్దు. పాత డిస్కుల్లో అలా చేస్తే ‘డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను, సరేనా’ అని అడుగుతుంది, దానికి ఎస్ కొడితే ఉబుంటు సంగతి పక్కన పెట్టి విండోస్‌ను బాగుచేసుకోవాల్సి వస్తుంది.

పాత లాప్‌టాప్‌లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఒక్కటే ఉండి, ఎస్ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉంటే ఈ ష్రింక్ గొడవంతా వదిలేసి చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి వేయించి ఉబుంటును దాంట్లో పెట్టండి. డబ్బు ఖర్చే, కానీ ఆ లాప్‌టాప్ మీద పెట్టే అతి మంచి ఖర్చు అదే.

పెన్‌డ్రైవ్

ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాలి, దానికి డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన ఐఎస్ఓ ఫైలు ఆరు జీబీ దగ్గర ఉంటుంది. రోజుకు రెండు జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో కూర్చుంటే తెల్లారిపోతుంది, ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగి అతుక్కున్న ఫైలైతే తప్పకుండా ఎస్‌హెచ్ఏ-256 చెక్‌సమ్ పోల్చుకోండి, ఉబుంటు సైట్‌లో ఇచ్చిన అక్షరాల వరుస, మీ ఫైలుది ఒకటే ఉండాలి. పోల్చకుండా వేసి సగంలో ఎర్రర్ వచ్చాక తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఐఎస్ఓ ఎంచుకుని, పార్టిషన్ స్కీమ్ జీపీటీ పెట్టి స్టార్ట్ కొట్టండి, మధ్యలో ఏదైనా అడిగితే అది సిఫారసు చేసిన ఆప్షన్‌కే ఓకే అనండి. పై పెట్టెలో పెన్‌డ్రైవ్ పేరే ఉందా, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పేరు ఉందా అని చూసుకోవడం మర్చిపోవద్దు. బ్యాకప్ డిస్క్ ఇంకా గుచ్చి ఉంటే దాన్ని ముందు పీకేయండి.

ఇన్‌స్టాల్ చేసే రోజు

చార్జర్ పెట్టుకోండి, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. నవంబరు, డిసెంబరు వానల్లో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడిచే లాప్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నచోట చేయండి.

ఏ కంపెనీకి ఎఫ్2, దేనికి ఎఫ్12, ఎస్కేప్ ఎప్పుడు నొక్కాలి అని తంటాలు పడక్కర్లేదు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం స్క్రీన్‌లో ‘యూజ్ ఎ డివైస్’ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఆ మాటే రాకపోతే అప్పుడు కంపెనీ బటన్ల దారి. నమ్మకంలేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపాలని కొందరు చెబుతారు, ఉబుంటుకు అక్కర్లేదు, అలాగే ఉంచండి.

నల్ల మెనూలో ‘ట్రై ఆర్ ఇన్‌స్టాల్ ఉబుంటు’ ఎంచుకోండి. ఎన్‌విడియా కార్డున్న లాప్‌టాప్‌లో స్క్రీన్ నల్లగా ఉండిపోతే రీస్టార్ట్ చేసి ‘సేఫ్ గ్రాఫిక్స్’ అన్న వరుస పట్టుకోండి. ఇన్‌స్టాల్‌కు ముందు ‘ట్రై’ లోకి వెళ్లి పది నిమిషాలు వాడి చూడండి. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, టచ్‌ప్యాడ్ రెండు వేళ్లతో జరుగుతోందా, వెలుతురు తగ్గుతోందా? ఇప్పుడు పని చేయనిది ఇన్‌స్టాల్ అయ్యాక తనంతట తాను బాగుపడుతుందని అనుకోకండి, డిస్క్‌ను ముట్టుకోకముందే తెలిస్తే వెనక్కి వెళ్లడానికి దారి ఉంటుంది.

ఇన్‌స్టాలర్‌లో కీబోర్డ్ అడిగినప్పుడు ఇంగ్లిష్ యూఎస్ పెట్టండి, తెలుగు పెడితే పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అల్లాడిపోతారు. గ్రాఫిక్స్, వైఫై కోసం థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ వేయమంటావా అంటే టిక్ పెట్టండి. సెక్యూర్ బూట్ ఉంటే దీనికోసం ఒక పాస్‌వర్డ్ పెట్టమనవచ్చు. పెట్టమంటే, తర్వాత మొదటి రీస్టార్ట్‌లో వచ్చే నీలం స్క్రీన్‌లో ‘ఎన్‌రోల్ ఎంఓకే’ నొక్కి అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి, కంగారులో దాన్ని దాటేస్తే వైఫైనో గ్రాఫిక్సో పని చేయదు.

డిస్క్ అసలు కనబడకపోతే, లేదా ‘ఇంటెల్ ఆర్ఎస్‌టీ ఆన్‌లో ఉంది’ అని ఆగిపోతే, బయాస్‌లో స్టోరేజ్‌ను ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ లేవదు. ముందు విండోస్‌లోకి వెళ్లి ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి, అదే రీస్టార్ట్‌లో బయాస్‌లో మార్చండి, విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పని చేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి.

ఇక అసలు స్క్రీన్. ‘ఇన్‌స్టాల్ ఉబుంటు అలాంగ్‌సైడ్ విండోస్ బూట్ మేనేజర్’ అని కనిపిస్తే అదే ఎంచుకోవచ్చు. దాని కిందే ‘ఎరేజ్ డిస్క్’ ఉంటుంది, చూడటానికి మహా సాధువులా, ఒక్క క్లిక్‌తో అన్నీ ఊడ్చేస్తుంది. నాకైతే ‘మాన్యువల్ ఇన్‌స్టాలేషన్’ మీదే నమ్మకం, ఎక్కడ పెడుతున్నామో కళ్లకు కనిపిస్తుంది. పట్టికలో ఎన్‌టీఎఫ్ఎస్ అన్నవన్నీ విండోస్‌వి, వాటిని ముట్టుకోవద్దు. ‘ఫ్రీ స్పేస్’ అన్న వరుస సైజు మీరు తగ్గించినంతే ఉందా చూడండి, ఒకటి రెండు జీబీల తేడా పట్టించుకోకండి, లెక్క కట్టే పద్ధతి వేరు. దాన్ని ఎంచుకుని ప్లస్ నొక్కి, సైజు మొత్తం ఇచ్చి, ఫార్మాట్ ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర ఒక్క స్లాష్ పెట్టండి. ర్యామ్ నిండితే వాడుకునే స్వాప్‌కి వేరే ముక్క అక్కర్లేదు, ఫైలు రూపంలో అదే చేసుకుంటుంది. కింద బూట్ లోడర్ ఎక్కడ అని అడిగిన చోట అదే డిస్క్ పేరు ఉండాలి, పెన్‌డ్రైవ్ కాదు.

చివర్లో ఏమేం మారుస్తుందో ఒక జాబితా చూపిస్తుంది. చదవండి. కొత్త ముక్క ఒకటి ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ అవుతుందని ఉంటే సరే. ఈఎఫ్‌ఐ ముక్కను గానీ ఎన్‌టీఎఫ్ఎస్ ముక్కను గానీ ఫార్మాట్ చేస్తానని ఒక్క వరుస కనిపించినా బ్యాక్ నొక్కేయండి, ఇన్‌స్టాల్ నొక్కే వరకు డిస్క్‌లో ఏదీ మారదు.

అయిపోయాక

రీస్టార్ట్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ కొడితే ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది, ఉబుంటు, విండోస్ బూట్ మేనేజర్ రెండూ ఉండాలి. ఒకసారి విండోస్‌లోకి వెళ్లి రండి, డిస్క్ చెక్ చేస్తానంటే చేసుకోనివ్వండి. మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేస్తే బయాస్‌లో బూట్ ఆర్డర్‌లో ఉబుంటును పైకి జరపండి. మెనూలో విండోస్ కనబడకపోతే గ్రబ్ సెట్టింగ్స్ ఫైలులో మిగతా సిస్టంలను వెతికే ఓఎస్-ప్రోబర్ ఆపి ఉందేమో చూసి, దాన్ని అనుమతించి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

తర్వాత గడియారం. ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి ఉంటుంది, బ్యాటరీ పోయిందేమోనని కొందరు కొత్తది వేయిస్తారు కూడా. లాప్‌టాప్ గడియారంలో ఉన్నది మన లోకల్ టైమ్ అని విండోస్, ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ అని లినక్స్ అనుకోవడమే దీనికి కారణం. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీని 1 చేస్తే గొడవ తీరిపోతుంది.

విండోస్ పెద్ద అప్‌డేట్ల తర్వాత ఉబుంటు లేవకపోతే బెంబేలు పడకండి. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో ఎంతోమంది డ్యూయల్ బూట్ లాప్‌టాప్‌లలో ‘సంథింగ్ హ్యాస్ గాన్ సీరియస్లీ రాంగ్’ అని వచ్చి లినక్స్ ఆగిపోయింది, సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, ఉబుంటులోకి వెళ్లి అప్‌డేట్లు వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, తలుపు దగ్గరే గొడవ. డివైస్ ఎన్‌క్రిప్షన్ మళ్లీ ఆన్ చేసుకున్నవాళ్లు ఇలాంటివి చేసే ముందు రికవరీ కీ చేతిలో పెట్టుకోండి, గ్రబ్ నుంచి విండోస్‌కి వెళ్లినా అది కీ అడగొచ్చు.

తెలుగు టైపింగ్‌కి సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ పద్ధతి వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి లాగౌట్ అయి రండి, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ పద్ధతులన్నీ జాబితాలో కనిపిస్తాయి. విండోస్ గుర్తున్న బటన్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఎప్పుడైనా ఉబుంటు వద్దనిపిస్తే ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి జరిపి, విండోస్ మామూలుగా లేస్తోందని చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉబుంటు ముక్క డిలీట్ చేయాలి, వరుస తిరగబడితే ఆన్ చేయగానే గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్ మీద ఆగిపోతుంది. ఖాళీ అయిన చోటు సీ పక్కనే ఉంటుంది కాబట్టి సీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అంటే మళ్లీ దాంట్లో కలిసిపోతుంది.